గోడ అవతలి లచ్చవ్వ

మొన్నామధ్య మా ఆయనకు కళ్ళు చూపించడానికి పెద్ద దవాఖానకు వెళ్ళాము. వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే ఒక అమ్మాయి బకెట్టూ గుడ్డా తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టింది. ఫినాయిలు వాసన ముక్కుకు తగలగానే ఇద్దరం ఒకేసారి తలెత్తాం. "లచ్చవ్వ," అన్నాడు ఆయన. నేను అప్పటికే ఆమెను తలచుకుంటున్నాను. ఆమె పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఎన్నిసార్లు స్నానం చేసినా, చీర ఎంత ఉతికినా ఆ వాసన ఆమెను వదిలేది కాదు. ఆమె మా గుమ్మంలో అడుగు పెట్టకముందే వాసన లోపలికి వచ్చి కూర్చునేది.

నిజాం కాలం నాటి మాట. మట్టెవాడలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. ఆమె దవాఖానలో ఆయా. గిన్నెలు కడగడం, కట్లు విప్పిన గుడ్డలు ఉడకబెట్టడం, డాక్టరు రోగిని చూస్తున్నప్పుడు నీళ్ళ గిన్నె పట్టుకుని పక్కన నిలబడటం ఆమె పని. ఆమె భర్త ఏటూరునాగారం అడవికి కలప కొయ్యడానికి పోయి, చలిజ్వరంతో తిరిగొచ్చి ఆ దవాఖానలోనే చనిపోయాడట. మంచం పక్కన కూర్చోవడానికి వచ్చిన మనిషి ఆ తర్వాత అక్కడే పనికి కుదిరింది. "ఎందుకు సచ్చిండో ఒక్కలు గూడ చెప్పలే బిడ్డా. సరే, నేనే చూసి తెల్సుకుంట అని ఉండిపోయిన," అనేది. ఏం తెలుసుకున్నావని అడిగితే నవ్వేది. "శానా తెల్సింది. గదొక్కటే తెల్వలే."

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. రఘునాథపల్లి దగ్గరి ఊరి నుంచి కాపురానికి వచ్చి రెండేళ్ళయింది. మా ఆయన కొమురయ్య పత్తిలోంచి గింజలు తీసే మిల్లులో పనిచేసేవాడు. తొర్రూరు వైపు నుంచి పత్తి బండ్లు వరుసగా వచ్చే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆయన కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. చూపుడువేలు, నడిమివేలు మొదలంటా పోయాయి. బొటనవేలు సగం మిగిలింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఉన్నాయిగాని అవి కొక్కెంలా వంగి బిగుసుకుపోయాయి. పనిలో ఉండగా అవయవం పోతే మిల్లు పరిహారం కట్టివ్వాలని అప్పటికే సర్కారు కాయిదా, అంటే చట్టం, ఒకటి ఉందని తెలిసినవాళ్ళు చెప్పారు. కాని ముందు డాక్టరు చెయ్యి చూసి, అది ఎంత పనికొస్తుందో కాగితం రాయాలి. ఆ కాగితం కచేరికి పోవాలి. అక్కడి అధికారి ఫైసలా చెయ్యాలి, అంటే తీర్పు చెప్పాలి. చెయ్యి పనికొస్తుందని తేలితే మా ఆయన మళ్ళీ ఆ రోలర్ల ముందే నిలబడాలి. నిలబడనంటే పేరు కొట్టేస్తారు, పరిహారమూ ఉండదు. రెండు వేళ్ళతో ఆ మిషన్ ముందు నిలబడితే మిగిలినవి ఎన్నాళ్ళుంటాయి?

డాక్టరు పరీక్ష అయిన రోజు మా ఆయన నవ్వుతూ ఇంటికి వచ్చాడు. దెబ్బ తగిలిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. ఆయన వెనకే లచ్చవ్వ వచ్చింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"డాక్టర్ సాబ్ బకీటు ఎత్తుమన్నడు," అన్నాడాయన. "నిండ నీళ్ళున్నయి. రెండు వేళ్ళకు తగిలిచ్చి ఎత్తిన. ఎత్తుడే గాదు, గోడ దాక నడిచిన. శభాష్ అన్నడు!"

లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది. "శభాష్ అనిపిచ్చుకోనీకి పోయినవా కొమురయ్యా? ఆయన ఒక్కసారి ఎత్తుమంటే నువ్వు నడిచి గూడ సూపెడితివి. ఇంక జరసేపుంటే డాక్టర్‌ను గూడ ఎత్తుతుంటివి."

"మరి ఎత్తనీకి రాదని చెప్పాల్నా? ఆడోళ్ళ లెక్క ఏడ్వాల్నా?"

"ఆడోళ్ళు ఏడ్సుడు నువ్వేడ జూసినవ్? ముప్పై మంచాల కాడ చూసిన నేను, మొగోళ్ళే ఎక్వ ఏడుస్తరు."

మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. నాకు భయం వేసినా నవ్వాగలేదు. ఆ మిల్లులో మూటలెత్తి పేరు తెచ్చుకున్న మనిషి, ఎవరైనా ఎత్తమంటే ఎత్తకుండా ఎలా ఉంటాడు? చేతకాదని చెప్పడం ఆయనకు అప్పటివరకు అలవాటు లేని మాట.

ఎదురుచూడటం మొదలైంది. ఇవాళ కాగితం కచేరికి పోయిందంటారు, రేపు పోలేదంటారు. ఒక నెల గడిచింది, రెండో నెల సగమైంది. ఇంట్లో మాటలు తగ్గాయి. నేను పొద్దున్నే కూలికి పోయి వచ్చి వంట చేసేదాన్ని. ఆయన పళ్ళెం ముందు కూర్చుని ఆకలి లేదని లేచిపోయేవాడు. ఒకరోజు గోడ దగ్గర నిలబడి లచ్చవ్వ దగ్గర ఏడ్చాను. ఆయనకు నా మీద కోపమని, నా వంట నచ్చడం లేదని, చెయ్యి పోయింది నేను అడుగు పెట్టిన వేళ వల్లే అనుకుంటున్నాడేమోనని చెప్పుకున్నాను.

ఆమె ఓదార్చలేదు. "కోపం అని ఎట్ల తెల్సింది?" అంది.

"తింటలేడు గదా."

"ఏం తింటలేడు?"

"బువ్వ."

"రొట్టె?"

ఆలోచించాను. జొన్నరొట్టె చేసిన రోజు మొత్తం తింటున్నాడు. అడిగి మరీ రెండోది వేయించుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ నేనే చేసి నేనే పెడుతూ ఆ సంగతి గమనించలేదు.

"చూసినవా," అంది లచ్చవ్వ. "కోపం అన్నది నువ్వు అనుకున్నది. రొట్టె తింటాండు, బువ్వ తింటలేడు, గిది చూసింది. అనుకున్నది నాకెందుకు? చూసింది చెప్పు."

ఆ తర్వాత వాళ్ళ వార్డులో జరిగిన ఒక సంగతి చెప్పింది. ఒక ముసలాయన రోజూ సాయంత్రం కాగానే అరిచేవాడట. జ్వరం తలకెక్కిందని అందరూ అనుకుని చేతులు కట్టేసేవారు. లచ్చవ్వ నేల తుడుస్తూ నాలుగు రోజులు చూసింది. పడమటి కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చినప్పుడు అరుపు మొదలవుతోంది, ఎండ తప్పుకోగానే ఆగుతోంది. ఎవరినీ అడగకుండా మంచం ఇవతలికి లాగింది. అరుపు ఆగిపోయింది. "మరి ఎండకెందుకు అరిచిండు లచ్చవ్వా?" అన్నాను. "గదే నాకూ తెల్వలే. అడుగుదామనుకునేసరికి ఇంటికి తోలిచ్చిండ్రు," అంది. ఆ ముసలాయన సంగతి తెలియలేదన్న బెంగ ఆమె గొంతులో అప్పటికీ ఉంది. నాకు ఆ బెంగ అంటుకుంది. ఏడవడం మరిచిపోయి, మా ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనే కుతూహలం పట్టుకుంది.

చూడటం మొదలుపెట్టాను. చొక్కా గుండీలు పెట్టుకోవడం మానేసి, గుండీలు ముందే పెట్టి ఉన్న చొక్కాను తలమీంచి తొడుక్కుంటున్నాడు. తలకు రుమాలు చుట్టుకోవడం మానేసి భుజాన వేసుకుంటున్నాడు. మేనమామ కొడుకు పెళ్ళిలో పంక్తి వేస్తుంటే కడుపునొప్పి అని లేచి వచ్చాడు. ఒకరోజు అన్నం, పప్పుచారు పెట్టి, నీళ్ళకు పోతున్నానని బిందె తీసుకుని బయటికి వెళ్ళాను. సగం దారిలో వెనక్కి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాను.

ఆయన కుడిచెయ్యి అన్నంలో పెట్టాడు. ఆ రెండు వేళ్ళతో కలపబోయాడు. మెతుకులు జారిపోయాయి. సగం బొటనవేలితో నొక్కిపట్టి నోటిదాకా తెచ్చేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. మళ్ళీ తీశాడు, మళ్ళీ జారింది. ఎడమచెయ్యి మోకాలి మీద అలాగే ఉంది. ఆ చెయ్యి అన్నానికి కాదు. పుట్టినప్పటి నుంచి కాదు. ఆయన ఒకసారి గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరనుకుని తల వంచి, మూతి పళ్ళెం దగ్గరికి తీసుకుపోయాడు.

నేను చప్పుడు కాకుండా బావికి వెళ్ళిపోయాను. బిందె నింపి చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

లచ్చవ్వకు చెప్పినప్పుడు ఆమె గోడ మీది మట్టిపెళ్ళ ఒకటి గోటితో గీకుతూ ఉండిపోయింది. "డాక్టర్ సాబ్ గిది చూడలే," అంది చివరికి. "ఆయన కాడ బకీటే ఉండె."

వారం తిరక్కుండానే కచేరి నుంచి పిలుపు వచ్చింది. ఫైసలా రాసేముందు అధికారి మనిషిని ఒకసారి చూస్తాడట. ఇద్దరం హనుమకొండ దాకా నడిచి వెళ్ళాము. అధికారి పెద్దవాడు, నెమ్మదైన మనిషి. ఎదురుగా డాక్టరు కాగితం ఉంది. "నిండు బకీటు ఎత్తినవని రాసిండ్రు. నిజమేనా?" అన్నాడు. నిజమేనన్నాడు మా ఆయన. "మరి పని చేయగలవా?"

"చేస్త సాబ్," అన్నాడు.

నేను తలుపు దగ్గర, కొంగు తలమీదికి లాక్కుని నిలబడి ఉన్నాను. ఆయన ఆ మాట అనగానే నాకు కచేరి కనబడలేదు, రోలర్లు కనబడ్డాయి. ఎలా నోరు తెరిచానో తెలియదు. "సాబ్, ఆయనకు బువ్వ కలుపుకోనీకి రాదు," అన్నాను.

గదిలో రాసుకుంటున్న గుమాస్తాలు తలలెత్తారు. మా ఆయన నా వైపు తిరగలేదు. అధికారి నన్ను చూసి, తర్వాత తన కుడిచేతిని పైకెత్తి చూసుకున్నాడు. అయిదు వేళ్ళ కొసలూ ఒకచోటికి తెచ్చాడు, విప్పాడు, మళ్ళీ తెచ్చాడు. "ఇంకేం చేయనీకి రాదమ్మా?" అన్నాడు. గుండీల సంగతి, రుమాలు సంగతి చెప్పాను. పెళ్ళి పంక్తి సంగతి కూడా చెప్పాను. తల పళ్ళెంలోకి వంచిన సంగతి కూడా చెప్పాను. చూసిందంతా చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

తిరుగు దారిలో మా ఆయన నాకు ఇరవై అడుగుల ముందు నడిచాడు. ఇల్లు చేరాక ఒక్కమాట అన్నాడు. "దొంగ లెక్క దాగి నన్ను చూసినవ్. చూసి పదిమంది ముంగట పెట్టినవ్." ఆ తర్వాత మాట్లాడలేదు. ఫైసలా కోసం ఎదురుచూడటం ఒక ఎత్తు, ఆయన మాట కోసం ఎదురుచూడటం ఇంకో ఎత్తు అయింది.

నాలుగోరోజు లచ్చవ్వ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. చూసింది చెప్పమని నువ్వే అన్నావు కదా అని నిష్టూరమాడాను. ఆమె అడిగింది: "చెప్పేముందు ఆయన్ని అడిగినవా?"

"లేదు."

"అయ్యో," అంది. "నేను నీకు సగమే నేర్పిన పిల్లా. ముసలాయన మంచం గుంజేటప్పుడు నేను గూడ అడగలే. ఇన్నేండ్లకు గదిప్పుడు యాదికొస్తాంది."

ఆ సాయంత్రం మేం భోజనానికి కూర్చునే వేళకు ఆమె వచ్చి మా ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆయన తల్లి వయసు మనిషి. "కొమురయ్యా, నీ బువ్వ సంగతి నీ ఎనకనుంచి విన్న. నీ పెండ్లాన్ని చూడుమన్నది నేనే. నిన్ను అడుగక చేసిన. తప్పైంది," అంది. దవాఖానలో డాక్టర్ల తప్పులు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పే ఆమె, తన తప్పును అంత మామూలుగా చెబుతుందని నేననుకోలేదు. ఆయనా అనుకోలేదు. "తిన్నవా అవ్వా?" అన్నాడు.

"తినలే. నీతోనే తింట. ఒక్కటి అడుగుత, కోపం చెయ్యకు. ఎడమచేత్తోని తింటే ఏమైతది?"

"నలుగురేమంటరు?"

ఆమె గదంతా వెతికినట్టు చూసింది. "నలుగురేడున్నరు? నేనొకదాన్ని, గిదొకతి. ఇంక ఇద్దరు తక్వ పడ్డరు. పిలుచుకరావాల్నా?"

ఆయన నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. ముగ్గురం తిన్నాము. ఆయన ఎడమచేత్తో తిన్నాడు, పసిపిల్లవాడిలా చుట్టూ మెతుకులు పోసుకుంటూ. లచ్చవ్వ కళ్ళార్పకుండా చూసింది. "మొదలు చిన్న ముద్ద చెయ్, గిన్నంత," అంటూ ఆ చేతికి పని నేర్పింది. తర్వాత ఒక్క విషయం మాత్రం నాతో చాటుగా కాక, నన్ను చూపిస్తూ ఆయనతోనే అంది. "రేపు నేనుండ. నువ్వు చూడుమంటేనే గిది చూడాలె. లేకుంటె మొఖం తిప్పుకోవాలె."

ఫైసలా మరో నెలకు వచ్చింది. కుడిచెయ్యి మిషన్ పనికి పనికిరాదని, పరిహారం ఇవ్వాలని అందులో ఉందని కచేరి ముందు కూర్చునే మనిషి చదివి చెప్పాడు. మేము అనుకున్నంత రాలేదు. మిల్లులో పేరు ఎలాగూ పోయింది. కాని ఆయన ఆ రోలర్ల ముందు మళ్ళీ నిలబడలేదు. ఒక బండి, జత ఎడ్లు కొనుక్కుని, ఎడమచేత పగ్గాలు పట్టి అంగడి సరుకు తోలాడు. ఆ ఎడమచెయ్యే మా ముగ్గురు పిల్లలకూ అన్నం కలిపి పెట్టింది.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. పేరు రాయడం, ఉత్తరం చదవడం అయిన తర్వాత, చూసినవాటిని రాసుకోవాలని మనసు పుట్టింది. లచ్చవ్వ గురించి రాయాలంటే ఆ రోజు తలుపు పక్కన నిలబడి చూసింది రాయక తప్పదు. దవాఖాన నుంచి వచ్చిన రోజే ఆయన్ని అడిగాను. "ఎవరు చదువుతరు?" అన్నాడు. మనం ఎవరో తెలియనివాళ్ళు అన్నాను. రెండు రోజులు ఏమీ చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు, కాగితం ముట్టుకోలేదు. మూడోరోజు తనే, "రాసి, మొదలు నాకు సదివి ఇనిపియ్యి," అన్నాడు.

నిన్న మొత్తం చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. లచ్చవ్వ నెత్తి కొట్టుకున్న దగ్గర నవ్వాడు. తల పళ్ళెంలోకి వంచిన దగ్గర నేను ఆగితే, "సదువు," అన్నాడు. ఇరవై అడుగులు కాదు పదే అని వాదించాడు. నాకు గుర్తున్నది ఇరవయ్యే, అది అలాగే ఉంచాను. ఇంకొక చోట మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "గిదొద్దు," అన్నాడు. ఎందుకని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. కలం తీసి ఆయన ముందే ఆ వాక్యం కొట్టేశాను.