వీణ సీడీ పెడితే ఎవరు పోయిన్రని అడిగిన్రు

మోతె ఊర్ల బడి ముగించుకొని సూర్యాపేట చేరేసరికి ఒళ్లంత పులిసిపోయింది. కరెంటు ఉన్నది, అదే పదివేలనుకొని, కొత్తగా తెచ్చుకున్న వీణ సీడీ పెట్టుకొని కుర్చీల కూలబడ్డ. నిన్న నెట్‌ల ఇదే రికార్డింగ్ గురించి ఇద్దరు కొట్టుకున్నంత పని చేసిన్రు. ఆలాపన మరీ సాగదీసిన్రని ఒకాయన, ఆ సాగదీతలనే ప్రాణమున్నదని ఇంకొకాయన. ఎవరిది నిజమో నేనే విని తేల్చుకుందామనుకున్న.

ఆలాపన ఇంక అయిపోనే లేదు, పక్క పోర్షన్ల ఉండే అక్క కొంగుతోని చేతులు తుడుచుకుంట గుమ్మం కాడ నిలబడ్డది.

"సార్, ఎవరు పోయిన్రు?"

"ఎవరూ పోలేదక్కా. నేనే వీణ సీడీ పెట్టుకున్న."

"గట్లనా! పెద్ద లీడరెవరన్న పోతెనే గద టీవీల గిది పెడ్తరు. పాపం ఎవరోనని సప్పుడు ఇనంగనే మా టీవీ బంద్ చేసిన. అన్నం వార్చి వచ్చేసరికి జర ఆలస్యమైంది."

ఆమె తప్పేం లేదు. మా దిక్కు చాలా ఇండ్లల్ల వీణ వినవడేది సంతాప దినాలప్పుడే.

అక్క పోయి మళ్ల సీరియల్ పెట్టుకున్నది. గోడ అవతల అత్తాకోడళ్ల లొల్లి షురూ అయింది, ఇవతల వీణ వినవడుడు ఖతం. ఈ ఇంట్ల కిరాయికి దిగినప్పటి నుంచి సాయంత్రం పూట నేను ప్రశాంతంగ విన్నది ఆ కొంచెంసేపే. అది కూడా ఎవరో పోయిన్రని ఆమె అనుకోవట్టి.

రేపు అడిగితే "అవునక్కా, పోయిన్రు" అందామనుకుంటున్న. అక్క ఎన్నడూ వినని లీడరు పేరొకటి జర మీరే చెప్పుండ్రి.