ఈకల మీద తెల్లపొట్టు

మిరపచేను గట్టు మీద నిలబడి ఆకును చూసి తెగులు పేరు చెప్పేదాన్ని. ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. నేను చదివింది మూడో తరగతి. అయినా ఊళ్ళో మగవాళ్ళు సైతం కొమ్మ తుంచుకొచ్చి మా అరుగు మీద పెట్టి, "పిన్నీ, ఇదేందో చూడు" అనేవాళ్ళు. చూసి చెప్పేదాన్ని. తప్పేది కాదు. ఆ కంటి మీద నాకున్న నమ్మకం ఒక చిలకపిల్ల ప్రాణం తీసింది.

మండలాలు రాకముందు, ఇంకా తాలూకాలున్న రోజులవి. ఆ ఏడు కార్తీకంలో మా కోడలికి పుట్టింట్లో కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. మగబిడ్డ అన్నారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నెల తిరిగాక కోడల్ని తెచ్చుకున్నాం. పనంతా చేసేది. అడిగితే జవాబు చెప్పేది. తనంతట తాను మాత్రం నోరు తెరిచేది కాదు. నేను ఓదార్చే మనిషిని కాను. మా అమ్మ నన్ను ఓదార్చింది లేదు, నాకు అది రాదు. "ఊరికే కూర్చుంటే మనసు కూరుకుపోద్దమ్మాయ్, లేచి కాయలు ఏరు" అన్నాను. లేచి ఏరింది.

మాఘంలో కల్లం నిండా కాయ ఎండబోశాం. కూలి మనుషులతో పాటు తనూ ఒక వార కూర్చుని తాలు ఏరుతోంది. తాలంటే రంగుపోయి తెల్లబడ్డ కాయ. అది ఎర్రకాయలో కలిస్తే ధర పడిపోతుంది. అప్పుడే గట్టు మీద తల లేని మోడుతాడిని పొయ్యిలోకని కొట్టిస్తున్నాం. చెట్టు కూలాక, కొట్టిన మనిషి తలగుడ్డలో ఏదో పట్టుకొచ్చాడు. తొర్రలో చిలకపిల్ల. మిగతావి చెట్టు కింద నలిగిపోయాయట.

చూడ్డానికి ఏమాత్రం బాగాలేదు. ఒళ్ళంతా ముళ్ళు గుచ్చినట్టు ఈక మొలకలు, మొహానికి మించిన ముక్కు.

"ఇదేం బతుకుద్ది? పిల్లికి పారెయ్" అన్నాను.

కోడలు లేచి వచ్చింది. "ఇటివ్వండి" అంది. మూడు నెలల్లో తనంతట తాను అన్న మొదటి మాట అది.

"కారం చేతులమ్మాయ్. కడుక్కుని పట్టుకో, దాని కళ్ళు మండుతాయి" అన్నాను. 

కోళ్ళగంపలో పాతగుడ్డ పరిచి దాన్ని పెట్టింది. శనగపప్పు నానబెట్టి, మెత్తగా నూరి, వేలి కొసతో నోట్లో పెట్టేది. నాలుగు రోజులు చూశాను. పప్పు డబ్బా అడుగు కనబడుతోంది.

"పిట్టకు పప్పేంది? గంజి పొయ్యి, చాలు."

 కోడలు పది రోజులు గంజే పోసింది. పదకొండో రోజు మా ఇంటాయన అన్నం తింటూ, "ఏమే, చిలక తినే పప్పు మిగిల్చి మేడేమన్నా కడతావా? కడితే పై గది దానికివ్వు" అన్నాడు. కోడలు తల వంచుకుంది గాని పెదవి కొరుక్కోవడం చూశాను, నవ్వాపుకుంటోంది. లేచి డబ్బాలోంచి పిడికెడు పప్పు తీసి నేనే నానబెట్టాను.

అక్కణ్ణించి పిల్ల తేరుకుంది. ఒళ్ళు పచ్చబడింది. గంపలోంచి బయటికొచ్చి కోడలి భుజమెక్కేది. నేను వాకిట్లో ఉంటే వంటింట్లోంచి కోడలు నవ్వుతూ దానితో ఆడే మాటలు వినబడేవి. "ఏందమ్మా, ఆకలా? దా, మీ నాయనమ్మ చూడకముందే తినేసెయ్." నన్నే. విననట్టు చేట చెరుగుతూ కూర్చునేదాన్ని. పెళ్ళయి వచ్చిన కొత్తలో విన్న నవ్వు అది, మళ్ళీ వింటాననుకోలేదు. అందుకని, పైకి చెప్పలేదు గాని, ఆ పిట్ట బతకాలని తనకంటే నాకే ఎక్కువ ఆశ పట్టుకుంది. పొద్దున లేవగానే ముందు గంప ఎత్తి చూసేదాన్ని. ఇది కూడా పోతే ఆ నోరు మళ్ళీ మూతబడుతుందని భయం.

ఫాల్గుణం వచ్చింది, ఎండ ముదిరింది. చిలక ఒకటే గోక్కోవడం మొదలెట్టింది. ముక్కు రెక్క కింద పెట్టి కొరుక్కుంటుంది, కాలితో మెడ గోక్కుంటుంది, ఒళ్ళు విదిలిస్తుంది. విదిలించినప్పుడల్లా తెల్లటి పొట్టు రాలుతుంది. గంప కింద పొట్టు, కోడలి జాకెట్టు మీద పొట్టు. పట్టుకుని చూశాను. ఈకల మొదళ్ళలో తెల్లగా, గింజ గింజగా అంటుకుని ఉంది. వేసవిలో మా కోళ్ళకు అట్లాగే పేలు పడతాయి.

"పేలు పట్టినయ్ దీనికి."

"కాదనుకుంటానత్తయ్యా" అంది కోడలు. "మొలక మీద సన్నటి పొర ఉంటది. ఈక విచ్చుకున్నాక అది రాలిపోద్ది. చూడండి, పొర పోయిన కాడ ఎంత పచ్చగా ఉందో. తిండి తింటానే ఉంది, అరుస్తానే ఉంది."

"నువ్వు చదివిన పదో తరగతిలో చిలకల పాఠం కూడా ఉందేంది?"

చిన్నగా నవ్వి ఊరుకుంది. నోరెత్తకుండా చేశాననుకున్నాను గాని, తను వేలు పెట్టి చూపించిన చోటు చూడలేదు. చేను చూసే కంటితో పిట్టను చూశాను. చేలో తెల్లగా ఏది కనబడ్డా పురుగే.

పత్తి మీద చల్లగా మిగిలిన పొడిమందు కొంత నా దగ్గర ఉంది. గుడ్డలో మూటగట్టి కొట్టంలో వాసానికి వేలాడదీశాను. పారెయ్యడమనేది నా ఒంట్లో లేదు. మంచాల సందుల్లో నల్లులు చేరితే ఇంత, కోళ్ళకు పేలు పడితే రెక్కల కింద ఇంత. మా అమ్మలక్కలందరం అంతే చేసేవాళ్ళం. ఏ కోడీ చావలేదు.

కోడలు బిందె తీసుకుని చేతిపంపు దగ్గరికి వెళ్ళింది. మూట దించాను. చిలకను ఒళ్ళో పెట్టుకుని రెక్క ఎత్తి ఆ కింద, మెడ చుట్టూ, తోక మొదట్లో పొడి రాశాను. బెదరలేదు. నా వేలు ముక్కుతో పట్టుకుంది, కొరకలేదు. రోజూ గంప ఎత్తే చెయ్యే కదా. వదిలానో లేదో, ఒక్కో ఈకనూ మొదలు నించి కొసదాకా ముక్కులో పెట్టి లాగుతూ, ఒళ్ళంతా దువ్వుకోవడం మొదలెట్టింది. ఎంతసేపో దువ్వుకుంది. దురద తగ్గి సుబ్బరం చేసుకుంటోందని మురిసిపోతూ చూస్తూ నిలబడ్డాను.

కోడలితో చెప్పలేదు. రెండ్రోజుల్లో పొట్టు రాలడం ఆగాక, "చూశావా?" అందామనుకున్నాను.

సాయంత్రానికి చిలక గంపలో ఒక మూలకు జరిగింది. మర్నాడు పొద్దున కోడలు పిలిచింది.

"అత్తయ్యా, ఇటు రండి. ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చుంది. పిలిస్తే పలకట్లేదు. ముద్ద పెడితే జారిపోతోంది."

చూశాను. బంతిలా ఉబ్బి ఉంది. కళ్ళు సగం మూసుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. గుడ్డ మీద రెట్ట నీళ్ళనీళ్ళగా, ఆకుపచ్చగా ఉంది. పుల్ల మీద పెడితే కాళ్ళు వణికి పడిపోయింది.

"ఎండదెబ్బ అయ్యుంటదిలే" అన్నాను. గంపను నీడకు జరిపాను.

"నేను పశువులాసుపత్రికి పోతున్నా" అంది. ఎప్పుడూ "పొమ్మంటారా?" అనేది. ఆవేళ అడగలేదు. చిలకను గుడ్డతో సహా బుట్టలో పెట్టుకుని బయల్దేరింది. నేనూ చెప్పులేసుకుని వెంట నడిచాను.

బస్సులో కండక్టరు బుట్టలోకి తొంగిచూసి, "చిలక్కి టిక్కెట్టు కొట్టాల్నా అమ్మా, జాతకం చెప్పిద్దా?" అన్నాడు.

"ముందు నీ జాతకం చూసుకుని రైటు చెప్పు నాయనా" అన్నాను. నలుగురు నవ్వారు. కోడలు తలెత్తలేదు.

ఆసుపత్రి చెట్టు కింద గేదెలు, దూడలు, వాటి మనుషులు. వాళ్ళ వెనక మేము. డాక్టరుగారు పెద్దవయసు మనిషి, విసుక్కోకుండా చిలకను అరచేతిలోకి తీసుకున్నారు. రెక్క విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఏం చల్లారమ్మా దీని మీద?"

"ఏం చల్లలేదండి" అంది కోడలు. "మా ఇంట్లో దాన్ని ఎవరూ ఏమీ చెయ్యరండి."

అంత ధీమాగా అంది. నేను ముందుకు జరిగాను.

"నేనే చల్లాను. పేలనుకుని, పత్తిమందు పొడి."

కోడలు నా వంక తిరిగింది. కోపంగా కాదు. నేనన్నది అర్థం కానట్టు చూసింది.

"కోళ్ళకు ఎప్పుడూ వేస్తామండీ, చావలేదు" అన్నాను, ఆయనతో.

"కోడి కాబట్టి మట్టిలో పొర్లి సగం దులుపుకుంది, దానికీ మంచిది కాదు. చిలక అట్లా కాదమ్మా. ఒక్కో ఈకా నోటితో దువ్వుకుంటుంది. ఒంటి మీద చల్లింది కడుపులో పోసినట్టే." గోటితో తెల్లపొట్టు కొంచెం గీకి నా అరచేతిలో పెట్టారు. "కదులుతోందా? ఇది పురుగు కాదు. కొత్త ఈక తొడుగు. పిల్లచిలక ఇట్లా గోక్కుంటూ, పొట్టు రాలుస్తూ, ఇల్లంతా పాడుచేస్తుంటే ఏపుగా పెరుగుతున్నట్టు. జబ్బు చేసింది గొడవ చెయ్యదు. ఒళ్ళు ఉబ్బించుకుని మూలన కూర్చుంటుంది. అది గుర్తు."

తోక విప్పి చూపించారు. ఈకలన్నింటి మీదా ఒకే ఎత్తున, అడ్డంగా సన్నటి గీత ఉంది. "ఇదుగో, మధ్యలో కొన్నాళ్ళు దీనికి తిండి చాల్లేదు. ఈక అప్పుడు బలహీనంగా వచ్చింది. ఇది మళ్ళీ ఈక మార్చినప్పుడు పోయేదే, దీంతో ప్రమాదం లేదు."

నా గంజి పది రోజులూ అక్కడ ఉన్నాయి. కోడలు కూడా చూసింది. 

తడిగుడ్డతో తుడిచారు, ఏదో చుక్కలమందు పోశారు. చేయగలిగింది అంతేనన్నారు. తిరుగు బస్సులో కోడలు బుట్ట ఒళ్ళో పెట్టుకుని, గుడ్డలోకి చెయ్యి పోనిచ్చి కూర్చుంది. మా ఊరి మలుపు ఇంకా రానేలేదు, చెయ్యి బయటికి తీసి పైటకొంగు బుట్ట మీద కప్పింది.  

మోడుతాడి కొట్టేసిన చోట తనే గుంట తవ్వింది. పార అందుకోబోతే, "నేను తవ్వుతాలెండి" అంది. తిట్టినా బాగుండేది. మా ఇంటాయన మటుకు, "ఊరి తెగుళ్ళన్నీ చెప్పేదానివి, ఒక్కసారి ఆ పిల్ల మాట వినకపోయావా?" అన్నాడు.  మందు మూట తీసుకెళ్ళి బావికీ కొట్టానికీ దూరంగా మోకాలు లోతున పూడ్చాను. నా చేతులతో పారేసిన మొదటి వస్తువు అదేననుకుంటాను. ఆ తరవాత ఎవరైనా మిరపకొమ్మ తెచ్చి చూపిస్తే, చూసి చెప్పి, "ఇంకొకళ్ళను కూడా అడుగు" అనడం అలవాటైంది.

కోడలు మళ్ళీ వెనకటిలాగే అయింది. అడిగితే జవాబు.

రెండేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలలో పుట్టింటి నించి వచ్చారు. మా వైపు పసిబిడ్డకు నీళ్ళు పోయడం నాయనమ్మ హక్కు. తెల్లారకముందే లేచి నీళ్ళు కాచాను. ఆముదం గోరువెచ్చన చేసి, నలుగుపిండి కలిపి, పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. కోడలు బిడ్డనెత్తుకుని వచ్చింది. కాళ్ళ మీద పడుకోబెడుతుందని చేతులు చాపాను.

బిడ్డ మాడు మీద తెల్లగా, పొట్టు పొట్టుగా ఏదో ఉంది.

నా చెయ్యి ఆముదం గిన్నె మీదికి పోయి ఆగింది. అదేమిటో నాకు తెలుసు, ముగ్గుర్ని పెంచాను. అయినా నోటికి రాలేదు.

"తల మీద అదేందమ్మాయ్?" అన్నాను.

కోడలు వేలితో బిడ్డ మాడు తడిమింది.

"పాలపొట్టు అత్తయ్యా. పసివాళ్ళకు ఉండేదే. దానంతటదే రాలిపోద్ది."

"అట్నా."

బిడ్డను ఈ భుజం నించి ఆ భుజానికి మార్చుకుంది. "నేనే పోస్తాలే అత్తయ్యా" అంది మెల్లగా. "మీరు నీళ్ళు తోడండి."

పీట మీద నించి లేచాను. తను కూర్చుని కాళ్ళు చాపుకుంది. నేను కాగు పక్కన కూర్చుని చెంబుతో తోడి, వేలు ముంచి చూసి, అందించాను.

"వేడి సరిపోయిందా?" అని అడిగాను. ప్రతి చెంబుకూ అడిగాను.