సబ్బు సూసన్న

బెంగాల్లో మా తెలుగువాళ్ల రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మనిషికి పేరు అంటించడం చిటికెలో పని, ఊడబెరకడమే ఎవరి తరమూ కాదు. సూసన్నత్తకు ‘సబ్బు సూసన్న’ అని పేరు పెట్టినవాళ్లకు అసలు జరిగింది చెప్పాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది.

అత్త భర్త సొలొమోను నిమ్‌పురా రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆవిడకు నగల మీద, చీరల మీద మోజు లేదు. ఉన్న గర్వమంతా ఒక్కటే. మా చర్చిలో ప్రభువు బల్ల రోజు ద్రాక్షరసం పంచే గాజు కప్పులు కడిగేది ఆవిడే. ఆ పని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు. ఒక్కో కప్పూ కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసిగానీ ట్రేలో సర్దేది కాదు. సంఘంలో స్వర్ణకుమారి లాంటి వాళ్లకు ఆ కప్పుల మీద కన్ను ఉండేదని అందరికీ తెలుసు.

ఆ పనితనం గురించి విని ఝపటాపూర్‌లోని ఒక ప్రైవేటు ల్యాబు వాళ్లు ఆవిడను సీసాలు కడిగే పనిలో పెట్టుకున్నారు. అక్కడ రొయ్యపిల్లల మేతకు సముద్రపు నాచు పెంచుతారు. కంటికి ఆనని నాచు అది, సీసాలో లెక్కలేనంతగా పెరిగితే నీళ్లకే రంగొస్తుంది. ఒక రకం పచ్చన, ఇంకో రకం గోధుమరంగు. సబ్బు చుక్క మిగిలినా నాచు చచ్చిపోతుంది. అందుకని అత్త సీసాలు కడిగిందే కడిగేది.

సముద్రపు నీళ్లు దిఘా తీరం నుంచి డ్రముల్లో రావాలి. ఒక వానాకాలం బండి సరిగా రాలేదు. పచ్చ నాచును తీసేశాక మిగిలిన నీళ్లు పారబొయ్యకుండా, వడగట్టి మరిగించి గోధుమ నాచుకు పొయ్యమన్నాడు యజమాని. వారం తిరక్కుండా గోధుమ నాచు పాలిపోయి సీసాల అడుక్కి దిగిపోయింది. పచ్చది నిక్షేపంగా ఉంది. పాత నీళ్లు పొయ్యమన్న యజమాని తెలివిని ఎవరూ ప్రశ్నించలేదు. సీసాల్లో సబ్బు వదిలేసిందని తేల్చి అత్తను పంపించేశారు.

ఆవిడ ఇంటికి చేరేలోపే మాట చర్చికి చేరింది. “కొన్నాళ్లు రెస్టు తీసుకో వదినా, వయసు మీద పడతంది గదా,” అంది స్వర్ణకుమారి తేనె పూసినట్టు. కప్పులు స్వర్ణకుమారి చెల్లెలు తబిత చేతికి వెళ్లిపోయాయి.

అన్నిటికన్నా నాకు కడుపు మండే సంగతి, ఆ నింద అత్త కూడా నమ్మేసింది. “నానే మరిసిపోయినానేటే?” అని నన్ను పట్టుకుని అడిగేది. కడిగిన కంచాన్నే మళ్లీ కడిగేది. వేళ్లు వాసన చూసుకునేది. సొలొమోను మామ విసుక్కుంటే కొళాయి కట్టేసి అక్కడే కూర్చుని ఏడ్చేది.

ఏడాది దాటాక ల్యాబులో పరిశోధన చేసే సౌమెన్ అనే కుర్రాడు సందేశ్ మిఠాయి పట్టుకుని ఇంటికొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. తప్పు నీది కాదు మాసీ, అన్నాడు బెంగాలీలో, పిన్నిని పిలిచినట్టు. ఎవరూ కడగని కొత్త సీసాల్లో ఆ పచ్చ నాచు నీళ్లు పోసి చూశాడట. అందులోనూ గోధుమ నాచు చచ్చిందట. తన పక్కన ఇంకో రకం పెరక్కుండా పచ్చ నాచు నీళ్లలోకి ఒక విషం వదులుతుందట. వడగట్టినా, మరిగించినా అది పోదట. ఆ సంగతి పెద్ద పత్రికలో అచ్చయింది, ప్రపంచమంతా చదువుతుంది అని మురిసిపోయాడు.

“మా పేటలో ఎవుడు సదువుతాడే?” అని నాతో తెలుగులో అని, అత్త అతని వైపు తిరిగింది. ఉద్యోగం మాట ఎత్తలేదు. ఆదివారం చర్చికొచ్చి ఈ ఒక్క ముక్క అందరి ముందూ చెప్పమంది. అతను ఠీక్ ఆఛే, అలాగే అన్నాడు.

ఆదివారం అత్త కుట్టుపని చేసిన మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తూ. సౌమెన్ రాలేదు. కలకత్తాలో ఏదో సన్మానమట. దిక్కుమాలిన సన్మానం.

పాస్టర్ రిచర్డ్ గారు, దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగారు. అత్త లేచింది. సంఘం వైపు తిరిగింది.

“ఆ సీసాల్లో నాచు సచ్చింది నా సబ్బుకి కాదు. పచ్చ నాచు నీళ్లలో ఇసం ఒగ్గేసింది. మరిగించినా పోనేదు. ఆ బాబు ఇంటికొచ్చి మరీ సెప్పినాడు. నా సేతులు సుబ్బరంగానే ఉన్నాయి. అప్పుడూ ఉన్నాయి.”

“పాపం, ఇంకా ఆ బెంగ పోనేదు,” అని స్వర్ణకుమారి పక్కావిడతో గొణిగింది. నాచు విషం వదలడమేమిటో పాస్టర్ గారికి అంతుపట్టలేదు. అయినా మంచి మనిషి, ఏదో ఒకటి అనాలి కదా. ఆయన కళ్లు మూసుకుని చేతులెత్తారు.

“మన సహోదరి సూసన్న తప్పును క్షమించి, ఆమెను కడిగిన దేవునికి స్తోత్రం.”

సంఘమంతా ఆమేన్ అంది. అత్త అనలేదు.