చీనీతోటలో సీటు కింద సంగటి ముద్ద

ఆ రోజు ట్రాక్టరు దిగి ఇంటికి నడిచి వస్తే, గుమ్మంలో కూర్చున్న మా అత్త నా కాళ్ల వైపు చూసి, "ఎడమకాలి చెప్పు యాడ పారేసినావే?" అంది. చూసుకుంటే నిజంగానే ఒక్క చెప్పే ఉంది. చీనీతోట నుంచి ఇంటి దాకా రాళ్ల దారి. ఒట్టి కాలితో అంత దూరం నడిచినా నాకు తెలియలేదు. బొటనవేలిని గిల్లి చూశాను. ఎవరి వేలినో గిల్లినట్టు ఉంది.

నడుము నొప్పి అంతకు ముందు నుంచే ఉంది. మాది శింగనమల దగ్గర పల్లె. మా ఆయన కిందటేడు గుండెపోటుతో పోయాడు. ఆయన తోలే చిన్న ట్రాక్టరును అప్పటి నుంచి నేను తోలుతున్నాను. చాలా పాతది, చీనీచెట్ల వరసల మధ్య పట్టేంత చిన్నది. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. ఆయన ఉన్నప్పుడు సరదాకు నేర్పించాడు. ఇప్పుడు అవసరమైంది. నొప్పి నడుములో మొదలై ఎడమ పిరుదు మీదుగా పిక్క దాకా దిగేది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు. "బెంగమ్మా అది. మొగుడు పోయిన బెంగ నడుముకు దిగుతాది." నేను కాస్త పుస్తకాలు చదివే మనిషిని. వాటిలోనూ ఇలాంటి మాటలు చాలా చూశాను. చదవడానికి బాగానే ఉంటాయి. కానీ బెంగ అయితే ఎడమకాలికే ఎందుకు దిగాలి? ఆ సందేహంతోనే ఆస్పత్రికి వెళ్లాను.

అనంతపురంలో ఆర్థో డాక్టరు నన్ను పడుకోబెట్టి ఎడమకాలు నిటారుగా పైకెత్తాడు. సగం లేవకముందే అరిచాను. ఎమ్మారై తీయించాడు. ఫిల్మును వెలుతురుకు పట్టి, "ఎల్ ఫోర్ ఎల్ ఫైవ్ దగ్గర డిస్క్ బల్జ్ ఉందమ్మా. నర్వ్ మీద ఒత్తుతోంది. సయాటికా అంటాం దీన్ని," అన్నాడు. బొటనవేలు పైకెత్తమని, తన వేలితో కిందికి నొక్కి చూశాడు.

"పవర్ కొంచెం తగ్గింది. ఇంకా తగ్గితే ఫుట్ డ్రాప్ వస్తుంది, పాదం పైకి లేవదు. అప్పుడు సర్జరీ తప్పదు. ఏం పని చేస్తారు?"

"సేద్యం," అన్నాను.

"వంగే పనులు మానేయండి. బరువులు ఎత్తొద్దు."

ఆయన చెప్పింది అలాగే పాటించాను. కలుపు తీయడం, బిందెలు మోయడం మానేశాను. కూర్చుని చేసే పనే కదా అని ట్రాక్టరు పని పెంచుకున్నాను. మా మరిది చంద్ర దున్నాల్సిన పక్క చేను కూడా నేనే దున్నాను. సేద్యమంటే వంగడమని డాక్టరు అనుకున్నాడు. కూర్చోవడమంటే విశ్రాంతి అని నేను అనుకున్నాను. కొన్నాళ్లకు వంటింట్లో నిలబడి అన్నం వార్చడం కూడా కష్టమైంది.

చంద్ర ఒకరోజు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "అమ్మేద్దాం వదినా ట్రాక్టరు. బాడుగకు పిలుచుకుందాం."

"చీనీచెట్ల మధ్య బాడుగ ట్రాక్టరు యాడ పడతాది?"

"కొమ్మలు ఇరిగితే ఇరగనీ. నీ నడుము ఇరిగితే ఎవరొస్తారు?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆ చెట్లు మా ఆయనా నేనూ కలిసి నాటినవి. ట్రాక్టరు పోతే తోటలో నేను చేసే పని ఏమీ మిగలదు. వానలు పడేలోపు మళ్లీ సీటెక్కగలిగితే సరి, లేకపోతే అమ్ముదామని ఒప్పుకున్నాను.

డాక్టరు ఎక్సర్‌సైజులకు పంపిన ఫిజియోథెరపీలో ఉన్న అమ్మాయి వేరే రకంగా అడిగింది. "పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేస్తారో చెప్పండి మేడమ్." ట్రాక్టరు దాకా వచ్చేసరికి నా కాలు వదిలేసి నా మొహం చూసింది.

"మీరే తోలతారా?"

"నేనే."

"డాక్టరుగారికి చెప్పలేదా?"

"ఆయన అడగలేదు."

"అదురంతా స్పైన్‌లోకి పోతుంది మేడమ్. మీ సీటు ఎట్లా ఉంటుంది?"

మెత్తగా ఉంటుందన్నాను. నాకు తెలిసింది అంతే.

ఆ మెత్తదనం నేను పేర్చిందే. రేకు సీటు మీద స్పాంజి ముక్క, దాని మీద ఆయన కంబళి మడత, దాని మీద వేరుశనగ పొట్టు నింపిన గోతం. మా వైపు సీటు గట్టిగా ఉంటే అందరం చేసేది ఇదే, ఇంకో గోతం వేస్తాం. మర్నాడు చంద్రను పక్కన నిలబెట్టి, సీటెక్కి క్లచ్ తొక్కి చూపించాను.

"మునివేళ్లతో తొక్కుతాండావు వదినా. నడుమంతా పక్కకు పోతాంది."

క్లచ్ ఎడమకాలిది. ఆయన పొడుగు మనిషి, సీటు ఆయనకు తగ్గట్టు వెనక్కి జరిపి ఉంది. పైన గోతాలతో నేను ఇంకా ఎత్తయ్యాను. చాలా రోజుల తర్వాత నాకు ఒక విషయం పూర్తిగా తెలుసుకోవాలనిపించింది.

సీటు కింద వంగకుండా పడుకుని చూశాను. రెండు స్ప్రింగులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ట్రాక్టరుతో వచ్చింది. రెండోది ఆయన పెట్టించుకున్నది. ఆయన భారీ మనిషి, ఒక స్ప్రింగుతో గుంతలో పడ్డప్పుడల్లా సీటు అడుగుకు కొట్టుకునేది. మరి నా బరువుకు ఆ సీటు అసలు కదులుతోందా?

సీటు కిందికి దిగినప్పుడు ఆనే రబ్బరు దిమ్మె ఒకటి ఉంటుంది. ముద్ద నలిగితే సీటు ఎంత దిగుతోందో తెలుస్తుందని దాని మీద ఎర్రమట్టి పెడితే, ఆరి రాలిపోయింది. వంటింట్లో మిగిలిన రాగి సంగటి తెచ్చి, పైన సీటుకు తగిలేంత ముద్ద చేసి పెట్టాను.

మా అత్త చూసింది. "ఏమే, మనుషులకు పెట్టేది చాలక ట్రాక్టరుకు గూడా పెడతాండావా?"

"ఆకలేస్తాందంట అత్తా."

"అయితే ఊరుబిండి పచ్చడి గూడా వెయ్. వట్టిది ఎట్ల మింగుతాది?"

తోటలో ఒక చుట్టు తిరిగి వచ్చాను. ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది, నా వేళ్ల గుర్తులతో సహా. చంద్రది వాళ్లన్న లాగే భారీ ఒళ్లు. అతనూ ఒక చుట్టు తోలి వచ్చేసరికి ముద్ద సగం నలిగింది. అంటే సీటు బాగానే ఉంది, నాకే పనిచేయడం లేదు. పైన ఎన్ని గోతాలు వేసినా, గుంతలో పడ్డప్పుడు దెబ్బంతా నా వెన్ను తీసుకుంటోంది.

శింగనమలలో మెకానిక్ బాషా ఆ స్ప్రింగు తీయడానికి ఒప్పుకోలేదు. "అన్న దగ్గరుండి పెట్టించుకున్నాడక్కా. నా చేతులతోనే బిగించినా. ఇప్పుడు తియ్యమంటే ఎట్ల?"

"అన్న కూర్చోడు గదా బాషా."

అతను స్పానర్ తీసుకున్నాడు. స్ప్రింగు బయటికి వచ్చింది. చప్పుడు రాకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దారంతో కట్టి ఉంది. ఆ ముడి ఆయనది. బిందె తాళ్లకూ అదే ముడి వేసేవాడు. నేను కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డాను.

అంతటితో బాగుపడలేదు. పాత స్ప్రింగు సాగిపోయి ఉంది. మొదటి చుట్టులోనే సీటు అడుగుకు కొట్టుకుని సంగటి అప్పడమైంది, నేను మళ్లీ మంచమెక్కాను. "చెప్తే ఇన్యావా వదినా?" అన్నాడు చంద్ర. డాక్టరు బొటనవేలు నొక్కి చూసి, "పవర్ అంతకంటే తగ్గలేదు, అదృష్టం. ఏం చేశారు?" అని అడిగాడు. ఈసారి అంతా చెప్పాను.

"సంగటా?" అన్నాడు. నవ్వు ఆపుకుని, "సీటు సరయ్యేదాకా ఎక్కొద్దు. ఎక్సర్‌సైజులు మాత్రం ఆపొద్దు," అన్నాడు.

బాషా నా బరువుకు సరిపడే కొత్త స్ప్రింగు వెతికి వేశాడు. తుప్పుపట్టిన బోల్టులు కోసి సీటును ముందుకు జరిపాడు. గోతాలన్నీ తీసేసి, గట్టి స్పాంజి ఒక్క పొర, నడుము వెనక చిన్న దిండు పెట్టాను. ఇప్పుడు పాదమంతా ఆనించి క్లచ్ తొక్కగలను. చుట్టు తిరిగొస్తే ముద్ద సగం నలిగింది. చంద్ర వంగి చూసి, "ఉండనీలే వదినా ట్రాక్టరు," అన్నాడు.

వానలు ఆలస్యంగా పడ్డాయి. తోట నేనే దున్నాను. మధ్యమధ్య దిగి ఒక వరస నడిచి మళ్లీ ఎక్కుతాను. పని ఎక్కువైన రోజు కాలు ఇప్పటికీ లాగుతుంది. బొటనవేలిని గిల్లితే నొప్పి పుడుతోంది, అది నాకు సంతోషం. ఆయన స్ప్రింగు పనిముట్ల పెట్టెలో ఉంది. కంబళి నా మంచం మీదికి వచ్చింది. సంగటి చేసిన రోజు మా అత్త చిన్న ముద్ద తీసి పక్కన పెట్టి, "నీ ట్రాక్టరు తిన్నాదో లేదో చూసుకో" అంటుంది.

బెంగ తగ్గలేదు. నడుము నొప్పి తగ్గింది. వచ్చినవాళ్ల మాట విని ఆ రెండూ ఒకటే అనుకుని ఉంటే, ఈపాటికి కాలు ఈడ్చుకుంటూ నడిచేదాన్ని.

మీలో ఎవరికైనా ఇలాంటి నొప్పి ఉంటే నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు ఏం పని అని అడిగినప్పుడు "సేద్యం" అని ఊరుకోకండి. దేని మీద కూర్చుంటారో, ఎంతసేపు కూర్చుంటారో, ఏ కాలితో ఏం తొక్కుతారో, ఆయన అడగకపోయినా చెప్పి రండి.