జనానా పరదా, బీదరు సరదా

సిద్దిపేట బడిలో పంతులుగా ఉన్న రోజుల్లో నాకు బీదరుకు తబాదలా మాట వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ఇంకా నడుస్తోంది. బదిలీ మీద వెళ్తే జీతం కాస్త పెరుగుతుంది, ఊరు చల్లన, గాలి మంచిది అన్నారు. బీదరుకు వెళ్లేవాడు బీదవాడై ఉండాలనే నియమం ఏదైనా ఉంటే, నాకు అన్ని అర్హతలూ ఉన్నాయి. మా పెద్ద పంతులు మాత్రం, "ఊకె నసుగకు. పోతవా, పోవా? జుమ్మా సెలవు దాటినంక ఒక్క మాట చెప్పు" అన్నాడు.

చిక్కల్లా, ఆ ఒక్క మాట నా దగ్గర లేదు. మా ఆవిడ దగ్గర ఉంది.

పెళ్లయి నాలుగైదేళ్లయినా మేమిద్దరం మాట్లాడుకున్నది చాలా తక్కువ. పెద్దల ముందు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం మర్యాద కాదు. మా ఇంట్లో పెద్దలు లేని మూల లేదు. రాత్రి అడుగుదామంటే మాకూ మా అవ్వకూ, అంటే మా అమ్మకూ, మధ్య ఉన్నది ఒక తడక. "నీకేది ఇష్టం?" అని నేను గుసగుసగా అంటే, "మీ ఇష్టం" అని ఆమె ఇంకా మెల్లగా అనేది. తడక అవతలి నుంచి అవ్వ, "దానికేం ఇష్టమురా, పండుకో" అని తీర్పు చెప్పేది.

కొత్త ఊరికి పోతే ఇల్లంతా ఆమె ఒక్కతే మోయాలి. అందుకని ఆమె తన నోటితో వస్తానంటేనే వెళ్లాలని, లేకపోతే వద్దని చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. ఆ మాట వినాలంటే ఇద్దరమే ఎక్కడికైనా పోవాలి. ఆ పోయేదేదో బీదరుకే పోతే ఊరు చూసినట్టూ ఉంటుంది.

షికారంటే మా ఇల్లు ఒప్పుకోదు, మొక్కంటే ఒప్పుకుంటుంది. బీదరులో గుహలోపల నీళ్లలో వెలసిన ఝరణీ నరసింహస్వామి ఉన్నాడు. "మెట్రిక్ పాసైతె వస్తనని మొక్కిన అవ్వా" అన్నాను.

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు పాసైనవంటె సామి గట్టోడే. మరి గిన్నేండ్లు ఎందుకు కూసోబెట్టినవురా ఆయనను? పోయి రాండ్రి."

జుమ్మాకు ముందురోజు, గురువారం కూడా సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాం. ఆమెతో చెప్పాల్సినవన్నీ పాఠంలాగా వరుసగా సిద్ధం చేసుకున్నాను. ముందు గాలి గురించి, తర్వాత జీతం గురించి, చివర ప్రశ్న. బస్సులో డ్రైవరు వెనక సీట్లు ఆడవాళ్లవి. వాటి వెనక మందపాటి పరదా. ఆమె అవతల, నేను ఇవతల, మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒక ఆసామి పక్కన. సరదాకు బయల్దేరితే పరదా ఎదురైంది. పాఠం మేకపిల్లకు చెప్పలేక మింగేశాను.

అప్పుడు పెట్రోలు కరువు. బస్సులు వెనక బొగ్గుపొయ్యి కట్టుకొని దాని పొగతో నడిచేవి. ఎత్తు కనబడితే చాలు, మా బస్సు నిలబడి ఆలోచించేది.

"మొగోళ్లు దిగుండ్రి, జెర నూకుండ్రి" అనేవాడు కండక్టరు.

ఆడవాళ్లు దిగనక్కర్లేదు. అంటే నా భార్యను నేను బీదరుకు అక్షరాలా తోసుకుంటూ తీసుకుపోయాను. ఒక ఎత్తు దగ్గర పరదా అవతలి నుంచి పెద్ద నవ్వులు వినిపించాయి. అందులో ఒకటి ఆమెది. గలగలమని, దాపరికం లేని నవ్వు. అంతటి నవ్వు ఆమె దగ్గర ఉందని నాకు అంతవరకూ తెలియదు. వింటూ నిలబడిపోయాను.

"ఏంది పంతులూ, బస్సుకు చేతులానిచ్చి నిద్రపోతున్నవా?" అన్నాడు కండక్టరు.

సికింద్రాబాదులో రైలైనా మమ్మల్ని కలుపుతుందనుకున్నాను. ఆమె ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ చూసి, "గా జనానా డబ్బల జాగ మస్తున్నది" అని తన మూట తను తీసుకొని ఆడవాళ్ల పెట్టెలోకి వెళ్లిపోయింది. నాకు మిగిలింది తలుపు పక్కన నిలబడే జాగా. వికారాబాదులో బండి మారాం, డబ్బాలు మాత్రం కలవలేదు. అక్కడ ఒక చాయ్ గ్లాసు పట్టుకొని ఆమె కిటికీ దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆ డబ్బా ఒక ఇల్లయిపోయింది. సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడే బీదరు మనిషి ఒకామె మా ఆవిడకు జొన్నరొట్టె తుంచి పెడుతోంది.

"ఎవరు చెల్లే?"

"మా ఇంటాయన, అక్కా."

"గీయనేనా బస్సు నూకింది?"

నా కీర్తి నాకంటే ముందే బీదరు చేరేటట్టుంది. చాయ్ ఇచ్చి వచ్చేశాను.

మర్నాడు పొద్దున బీదరులో దిగేసరికి గాలి నిజంగానే చల్లగా ఉంది. కోటగోడలు ఎర్రన, కింద మట్టీ ఎర్రన. టాంగా ఎక్కబోతే, వెనక ఇద్దరు కూర్చుంటే బండి ముందువైపు లేస్తుందని, సాహెబు ముందుకు రావాలని టాంగావాలా అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బక్కవాణ్ణి. నా బరువుకు ఎవరైనా విలువ ఇచ్చింది ఆ రోజొక్కటే. ముందు కూర్చొని, వెనకున్న ఆమెకు వినబడేటట్టు, "గాలి చూసినవా ఎట్లున్నదో?" అన్నాను. గుర్రం తోక ఆడించింది.

ఝరణి దగ్గర అర్చకుడు దివిటీ పట్టుకొని ముందు నడిచాడు. ఆయన వెనక కొందరు భక్తులు, చివర మేము. గుహలో నీళ్లు నడుము దాకా, ఇంకాస్త పోతే ఛాతీ దాకా. పైన గబ్బిలాలు. నాకు ఈత రాదు. ఆమె చెయ్యి పట్టుకొని నడిపించానని రాస్తే బాగుంటుంది గానీ, ఆమె జబ్బ పట్టుకొని వేలాడాను. మా ఆలస్యానికి దివిటీ ఆగలేదు, మలుపు తిరిగి వెళ్లిపోయింది.

చీకటి. జనానా లేదు, మర్దానా లేదు, తడక లేదు. పాఠం చెప్పడానికి ఇంతకన్నా సమయం దొరకదని నోరు తెరిచాను. చలికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. 'గా... గా...' వరకే వచ్చింది, గాలి రాలేదు.

ఆ 'గా' దగ్గరే ఆమె అందుకుంది. 

"తబాదలా సంగతేనా? నాకెరుకే. మొక్కు లేదు గిక్కు లేదని అత్తమ్మకు గూడ ఎరుకే. ఊరు మంచిగనే ఉన్నది. గాలి గూడ మంచిదే, కని గాలి తాగి బతుకం గద. ఈడ బావులన్ని రాయి తొలిచి తీసినయంట, రైల్ల గా అక్క చెప్పింది. మన బాయితాడు ఏస్తె సగానికి గూడ పోదంట. పొద్దుమాపు చేదితె రెక్కలు పడిపోతయంట. నాకైతె రావాల్ననే ఉన్నది. శాన ఉన్నది. నీళ్లు మీరు చేదుతనంటె వస్త. లేకుంటె మీరొక్కరే వచ్చి రొట్టె కాల్చుకోండ్రి."

ఆ నాలుగైదేళ్లలో ఆమె నాతో అన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. నేను మధ్యలో అడ్డం పడితే ఇవి కూడా వచ్చేవి కావేమో. నన్ను అడ్డం పడనివ్వకుండా చలి పుణ్యం కట్టుకుంది. అప్పటికి ఆమె భుజానికి ఆనించిన నా తల అడ్డంగా, నిలువుగా, ఐమూలగా వణుకుతోంది. అందులోంచి ఆమె నిలువు వణుకును ఏరుకొని, "ఒప్పుకున్నరు, సామి సూస్తుండు" అంది.

దర్శనం అయ్యాక బయటికి వచ్చి మెట్ల మీద ఎండలో కూర్చున్నాం. పళ్లు కుదుటపడ్డాయి, నాలుక తిరుగుతోంది. ఇప్పుడు కాదనవచ్చు. ఆ రోజుల్లో పంతులన్నవాడు, అదీ పెళ్లాం పక్కన నిలబడి ఉండగా, నలుగురి బావి దగ్గర బొక్కెన వేయడమంటే వీధికి తమాషా, పిల్లలకు పండుగ. ఆమె కొంగు పిండుతూ నా ముఖమే చూస్తోంది. కాసేపటికి పిండడం ఆపింది.

"లోపల ఒప్పుకున్నది చలికేనా?" అంది.

"చేదుత" అన్నాను. ఈసారి పళ్లు తోడు లేకుండా అన్నాను.

ఆమె మళ్లీ కొంగు పిండుకుంది. సాయంత్రం స్టేషనులో మళ్లీ జనానా డబ్బాకే వెళ్లింది. కాకపోతే ఈసారి, చాయ్ తెమ్మని తనే కిటికీలోంచి పిలిచింది.

సిద్దిపేట చేరాక పెద్ద పంతులుకు ఆ ఒక్క మాట చెప్పాను. వానలు మొదలయ్యే ముందే సామానుతో బీదరుకు మారాం, ఆ రైలు అక్క వాళ్ల వాడలోనే. మొదటి పొద్దున నేను బొక్కెన వేస్తుంటే వాడలో సగం తలుపులు తెరుచుకున్నాయి. చేదడం ఎంత చేదో అరచేతులకు తెలిసొచ్చింది. బావి నిజంగానే అంత లోతు. బొక్కెన దిగి, నిండి, పైకి వచ్చేలోపల పక్కన బిందెలతో నిలబడ్డ ఆమె ఒక సంగతి మొదలుపెట్టి ముగించేది. ఊపిరి ఆడక నేను "ఊ" మాత్రం కొట్టేవాణ్ణి.

కొన్నాళ్లకు చేతులు కాయలు కాశాయి, పని ఒడుపైంది. ఒకనాడు బొక్కెనను గబగబా లాగేస్తుంటే ఆమె తాడు మీద చెయ్యి వేసి ఆపింది.

"జెర మెల్లగ గుంజుండ్రి. గా ఎదురింటామె ముచ్చట ఇంక అయిపోలే."