అద్దంలోని ఎడమచేతి ఆట

ఆ వీధికంతటికీ ఒకటే టీవీ. సెలూన్ గుమ్మానికి పైన, లోపలివైపు ఉండేది. మెట్ల మీద నిలబడ్డ పిల్లలకు అది కనిపించేది కాదు. ఎదురు గోడకున్న పెద్ద అద్దంలో మాత్రం ఆట కనిపించేది. గడప దాటితే యజమాని దువ్వెన విసిరేవాడు.

ఆ అన్నదమ్ములకు ఏడాదే తేడా. ముఖాలు ఒకే పోలిక. ఇద్దరూ అద్దంలోనే క్రికెట్ చూశారు. తమ్ముడికి ఒక బ్యాట్స్‌మన్ అంటే ప్రాణం. ఆయన మోకాలు వంచే తీరు, గడ్డం భుజానికి ఆనించడం, బ్యాట్‌తో నేలను రెండుసార్లు తట్టడం, అన్నీ ఎత్తుకొచ్చేశాడు. ఇంటి వెనక సందులో బంతి వేసే పని అన్నయ్యది.

"ఒక్కసారి బ్యాట్ ఇవ్వరా."

"నీకు స్టైల్ లేదన్నయ్యా. వెయ్యి, వెయ్యి."

రాయడం, రాళ్ళు విసరడం కుడిచేత్తోనే. బ్యాట్ పడితే మాత్రం తమ్ముడిది ఎడమచేతివాటం.

ఒకరోజు వాన పడుతుంటే యజమాని జాలిపడి లోపలికి రానిచ్చాడు. తమ్ముడు వెనక్కి తిరిగి టీవీ చూశాడు. ఆ బ్యాట్స్‌మన్ కుడిచేత్తో ఆడుతున్నాడు.

"ఏరా, మీ గురువుగారు చెయ్యి మార్చేశాడా?" అని గడ్డం గీయించుకుంటున్నాయన నవ్వబోయి, బుగ్గ మీద గాటు పెట్టించుకున్నాడు.

ఆ రోజు నుంచి వీధికి వాడు అద్దంగాడు. మారాలని చూశాడు. చేతులు మాట వినలేదు. ఎడమచేత్తోనే ఆడి, ఇరవై నిండకముందే జ్వరంతో పోయాడు. ఆడుతుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు.

అన్న ఆ సెలూన్లోనే పనికి చేరాడు, అక్కడే తల నెరిసింది. ఇప్పుడు యజమాని కొడుకు షాపును కొత్తగా చేయిస్తున్నాడు. పాత అద్దం తీసేయాలి.

"పగలకుండా తియ్యి నాయనా, ఇంటికి పట్టుకెళ్తాను," అంటూ అన్న అద్దాల పనివాణ్ణి అడిగాడు.

"గోడకి అతుక్కుపోయింది పెద్దాయనా. ముక్కలుగానే వస్తుంది. అయినా ఈ మచ్చల అద్దం ఏం చేసుకుంటావు?"

"సరే, టీ తాగి రా."

పనివాడు వెళ్ళాక, అన్న వెంట్రుకలు ఊడ్చే పొడుగు చీపురు అందుకున్నాడు. ఒకప్పుడు బంతి వేస్తూ ఎదుట చూసిన తీరులోనే, కాకపోతే తన కుడిచేతివాటంగా, అద్దం ముందు నిలబడ్డాడు. మోకాలు వంచాడు. గడ్డం భుజానికి ఆనించాడు. నేలను రెండుసార్లు తట్టాడు.

మచ్చల వెనక తమ్ముడు ఎడమచేతివాటంగా నిలబడి ఉన్నాడు. తల నెరిసింది, అంతే.

"బంతి ఎవరేస్తారు పెద్దాయనా?" పనివాడు గుమ్మంలో నవ్వుతున్నాడు.

"నేనే," అంటూ అన్న పక్కకు జరిగాడు.

సుత్తి దెబ్బలు ఆగాక, ముక్కల్ని ఆ చీపురుతోనే ఊడ్చాడు.