తాతయ్య అడగని ప్రశ్న లేదు

తాతయ్యకు ఒకటే జబ్బు. తెలిసిన సంగతినే పనిగట్టుకుని అడుగుతాడు. మంగలి షాపులో కుర్చీ ఎక్కి, మెడకు గుడ్డ కట్టించుకుని, "బాబూ, ఇక్కడ జుట్టు కత్తిరిస్తారా?" అనే రకం. ఆ మంగలి చేతిలో కత్తెరతోనే బయటికి వెళ్ళి తన షాపు బోర్డు తానే చదువుకుని వచ్చాడు.

రైల్వే స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చుని ఉద్యోగమంతా జవాబులు చెప్పాడు కాబట్టి, ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నాడని ఇంట్లో అందరూ అనుకుంటారు. నాయనమ్మ మాత్రం ఒప్పుకోదు. "మొదట్నుంచీ అంతే. కొత్తగా కాపురానికొచ్చిన రోజు గుమ్మంలో నిలబెట్టి, మనిల్లు ఇదేనా అని నన్నడిగారు. నేను ఆ ఊళ్ళో అప్పుడే దిగాను."

ఆయన అక్క సరిహద్దుకు అవతలి దేశంలో ఉంటోంది. మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, "ఏడాది పాటు వచ్చి నా దగ్గరుండరా" అని తమ్ముడికి కబురు పెట్టింది. చదువు మధ్యలో ఎగ్గొట్టి ఖాళీగా ఉన్న మనవరాలిని తోడిచ్చి పంపారు. ఇద్దరికీ ఏడాది వీసాలు వచ్చాయి. కాకపోతే ఫలానా తేదీలోగా సరిహద్దు దాటకపోతే అవి చెల్లవు. ప్రయాణం సరిగ్గా ఆ తేదీ దాకా ఎందుకు వాయిదా పడిందంటే, తాతయ్య ప్రశ్నలు తట్టుకోలేక టికెట్లు ఇచ్చే అతను సెలవు మీద వెళ్ళిపోయాడు.

అలా గడువు ఆఖరి రోజున, చెట్టూ చేమా లేని కొండ మీద, రేకుల షెడ్డులో వరుసలో నిలబడ్డారు. షెడ్డు ముందు, గేటు పక్కన, అవతలికి వెళ్ళే చివరి బస్సు ఆగి ఉంది. అది పోతే వీసాలూ పోయినట్టే. వరుసలో ఉన్నవాళ్ళంతా దాదాపు వారం వారం వచ్చిపోయే వ్యాపారులు. కిటికీ దగ్గర ముద్ర కొట్టించుకుని, మూటలెత్తుకుని నేరుగా బస్సెక్కేస్తున్నారు.

"తాతయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ మాత్రం నోరు విప్పకు."

"ఎందుకే?"

"ఇదుగో, మొదలెట్టావు."

అధికారి ముద్రలు కొట్టి పాస్‌పోర్టులు తిరిగిచ్చాడు. ఇక రెండో గదిలో ఫోటో దిగి, ఇంకో ముద్ర వేయించుకుంటే అయిపోయినట్టే. ఆ సంగతి అక్కగారు రోజూ ఫోనులో చెప్పి, తమ్ముడి చేత అప్పజెప్పించుకుంది కూడా.

తాతయ్య కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"బాబూ, ఇక బస్సెక్కేయడమేనా?"

"ఏడాది వీసావాళ్ళు రెండో గదికి వెళ్ళాలి పెద్దాయనా. బోర్డుంది చూడండి."

"చూశాను. వెళ్ళకపోతే?"

"అవతలి గేటు దగ్గర దింపేసి వెనక్కి పంపిస్తారు."

"కాస్త గట్టిగా చెప్పు నాయనా, గాలి. ఎవర్ని పంపిస్తారు? నన్నా?"

"ఎవర్నైనా," అధికారి గొంతు పెంచాడు.

"ఆడమనిషినైనా?"

"ఆడమనిషినైనా."

"చంకలో చంటిపిల్ల ఉన్నా?"

మనవరాలు పళ్ళు నూరింది. "తాతయ్యా, మనకి చంటిపిల్ల ఎక్కడుంది?"

"లేదనుకో. తెలుసుకుంటే తప్పేముంది?"

వరుసలో ఎవరైనా తన్నడానికి వస్తున్నారేమోనని మనవరాలు వెనక్కి తిరిగి చూసింది. వెనకాలే ఒక అమ్మాయి, భుజం మీద నిద్రపోతున్న చంటిపిల్ల. తెరిచి పట్టుకున్న పాస్‌పోర్టులో అదే ఏడాది వీసా. ఇప్పటిదాకా వ్యాపారుల వెంట బస్సు వైపే చూస్తున్న ఆ అమ్మాయి, ఇప్పుడు రెండో గది ఎక్కడుందా అని వెతుక్కుంటోంది.

"నేరుగా ఆ అమ్మాయికే చెప్పొచ్చుగా?" రెండో గదిలోకి వెళ్తూ మనవరాలు గుసగుసగా అడిగింది.

"చెబితే ఆ పిల్లకి తెలీదని ఇంతమందిలో తేలిపోదూ? నా కిటికీ దాకా వచ్చి, అడగలేక తిరిగి వెళ్ళిపోయినవాళ్ళని ఎంతమందిని చూశానో. ముసలాడు వెర్రి ప్రశ్న వేస్తే ఎవరూ నవ్వరే."

"నేను నవ్వట్లేదా?"

"నువ్వో లెక్కా?"

వాళ్ళ పని చిటికెలో అయింది. ఆ అమ్మాయి మాత్రం లోపలే ఉండిపోయింది. ఫోటోకి చంటిపిల్ల కళ్ళు తెరవనంటోంది. ఇంతలో బస్సు హారన్ మోగింది. తాతయ్య పరుగున వెళ్ళి ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు.

"బాబూ, ఈ బస్సు అవతలికేనా?"

"ఇంకెటూ పోదు తాతగారూ. ఎక్కండి."

"మళ్ళీ బస్సు?"

"రేపే."

"రేపంటే, ఇవాళ్టి తర్వాతేగా?"

డ్రైవరు స్టీరింగు మీద తల ఆనించాడు. "అవును తాతగారూ."

"కూర్చునే రావాలా?"

"పడుకునైనా రండి. ముందు ఎక్కండి."

"పడుకుంటే తల ఎటు పెట్టాలి?"

"ఎటైనా పెట్టుకోండి."

తాతయ్య నోరు తెరిచాడు. మూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన దగ్గర ప్రశ్నలు నిండుకున్నాయి. గది తలుపు ఇంకా తెరుచుకోలేదు. డ్రైవరు గేరు మీద చెయ్యి వేశాడు. తాతయ్య దీనంగా మనవరాలి వైపు చూశాడు.

మనవరాలు కూడా ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"అన్నా," అంది, "ఈ బస్సుకి ముందువైపు ఏది?"

డ్రైవరు గేరు వదిలేశాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీరిద్దరూ ఒక్క ఇంటివాళ్ళేనా?"

తాతయ్య ముఖం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఆయన్ని బయటివాళ్ళొకరు ప్రశ్న అడగడం అదే మొదలు. "మంచి మాట అడిగావు," అంటూ తన ముత్తాత దగ్గర్నుంచి అందుకున్నాడు. కథ ఆయన తాత పెళ్ళి దాకా వచ్చేసరికి, చంటిపిల్లనెత్తుకుని ఆ అమ్మాయి వాళ్ళ పక్కనుంచే బస్సెక్కింది. కానీ అడిగినదానికి జవాబు పూర్తికాకుండా ఎలా ఎక్కుతానని తాతయ్య మెట్టు దగ్గరే మొండికేశాడు. చివరికి డ్రైవరే దిగివచ్చి, మిగతా కథ దారిలో వింటానని ఒట్టేసి ఎక్కించుకున్నాడు.